ముసలాయనను నేను అడగనే లేదు

ఆ ముసలాయనను నేను అడగలేదు. అడిగానని, ఆయన సరేనన్నాడని నా జతగాడితో చెప్పాను. అది అబద్ధమని నలుగురి ముందు ఒప్పుకోవాల్సిన సమయం వచ్చినప్పుడు నోరు మూసుకున్నాను. ఆ తర్వాత చాలా ఏండ్లు ఈ కథను నేనే నవ్వుకుంటూ చెప్పాను, ఈ రెండు సంగతులు తీసేసి. నా నోటి నుంచి విన్నవాళ్లు, వాళ్ల నుంచి విన్నవాళ్లు ఇంకా దవాఖానల్లో పనిచేస్తున్నారు. వాళ్లకు తెలిసింది తప్పు. జరిగింది ఇది.

నిజాం రోజులు. నల్లగొండ వైపు ఒక మిషన్ దవాఖానలో మగవాళ్లకు కూడా నర్సు పని నేర్పేవారు. ఊళ్ల నుంచి వచ్చే మగ రోగులు ఆడ నర్సులను దగ్గరికి రానిచ్చేవారు కాదు. తొడ మీద పుండుకు కట్టు కట్టబోతే దుప్పటి మెడదాకా లాక్కునేవారు. అందుకని మగ వార్డుకు మగవాళ్లే కావాల్సి వచ్చింది. మా చిన్నాయన కాలు కుళ్లిపోతుంటే అక్కడే బాగైంది. ఆయనకు తోడుగా ఉన్న నాకు చదవడం, రాయడం వచ్చని తెలిసి డాక్టరు నన్ను చేర్చుకున్నాడు. మాది చెలకల మీద బతికే రైతు కుటుంబం. వానొస్తే పంట, రాకపోతే లేదు. మా బాపు పోనిమ్మన్నాడు గానీ ఊళ్లో చెప్పుకున్నది వేరు. "మావోడు కాంపౌండర్ చదువుతున్నడు, సూదులేస్తడు," అన్నాడు. నేను సరిదిద్దలేదు. లేవలేని రోగి కింద మలమూత్రాలకు పాను పెట్టడం, తీయడం, కడగడం కూడా ఆ చదువేనని మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

శిక్షణలో మమ్మల్ని ఇద్దరిద్దరిగా జత చేశారు. నా జతగాడిది యాదగిరిగుట్ట వైపు ఒక పల్లె. కిరస్తానం పుచ్చుకున్న కూలి కుటుంబం. వాళ్ల నాయిన ఊరి దొర దగ్గర జీతం ఉండేవాడు. జీతం అంటే నెల తిరగగానే చేతికొచ్చేది కాదు. తండ్రి తర్వాత కొడుకు, దొర కొట్టంలో పేడ తీసి, పసులను కాసి, మోట కొట్టి, అక్కడే ముసలివాడు కావడం. పాస్టరు పోయి బతిమాలితే దొర ఒప్పుకున్నాడు గానీ ఒక మాట పెట్టాడు. ఆ మాటను నా జతగాడు దొర గొంతుతో, లేని మీసం దువ్వుకుంటూ మాకు వినిపించేవాడు.

"పోనియ్. పరీక్ష పాసైతే వాడు మీవోడు. ఫేలైతే సక్కగ వచ్చి నా కొట్టంల పడాలె. తెలిసిందా?"

మేం కడుపు పట్టుకుని నవ్వేవాళ్లం. అతనూ నవ్వేవాడు. కానీ పొద్దున అందరికన్నా ముందు లేచి దీపం పెట్టుకుని చదివేది కూడా అతనే.

ఆ పరీక్ష రోగికి చేసే మొదటి పనులది. మనిషి మంచం మీద ఉండగానే దుప్పటి మార్చడం, ఒళ్లు తుడవడం, నోరు కడగడం, జ్వరం చూడడం, పాను పెట్టడం, ఎనిమా ఇవ్వడం, లేవలేని మనిషికి జావ, నీళ్లు తాగించడం. పట్నం నుంచి వచ్చే పరీక్షాధికారి ఏదో ఒక మంచం దగ్గర ఆగి ఒక పని చెప్తాడు. దాన్ని మొదటి నుంచి చివరిదాకా ఒక్కరే చేసి చూపాలి. తప్పితే మళ్లీ కూర్చోబెట్టే ఆనవాయితీ లేదు.

ఒక్కరే అన్న దగ్గరే మా ఇద్దరికీ చిక్కు వచ్చింది.

వార్డు మూలన ముక్కాలి మీద ఒక ఇత్తడి బిందె ఉండేది. అందులోవి మిషన్ బావి నీళ్లు కావు. ఊళ్లోంచి ఒక పెద్దమ్మ రోజూ మోసుకొచ్చి పోసేది. హిందూ రోగులు ఆ నీళ్లే తాగేవారు, అవి కూడా తమకు సరిపడే కులం చేతులతో ముంచితేనే. దవాఖానలో కులం లేదని డాక్టరు ప్రతి ఆదివారం చెప్పేవాడు. అది తీసేస్తే రోగులు రారని ఆయనకు తెలుసు కాబట్టి బిందె జోలికి మాత్రం పోలేదు.

దాంతో పని తనంతట తానే రెండు ముక్కలైంది. బిందె, గ్లాసు, జావ గిన్నె నావి. పాను, ఉమ్మి పాత్ర, మురికి దుప్పట్లు అతనివి. నేను ముసలివాళ్ల నోట్లో నీళ్లు పోసేవాణ్ని, అతను వాళ్ల తల ఎత్తి పట్టుకునేవాడు. అతను వాళ్ల నడుం కింద కడిగేవాడు, నేను పక్కన సబ్బు పట్టుకుని నిలబడేవాణ్ని. రోగులకు మంచిగా ఉండేది. నాకు ఇంకా మంచిగా ఉండేది. ఇద్దరం కలిస్తే ఒక పూర్తి నర్సు. విడదీస్తే ఇద్దరికీ సగం పనే వచ్చు.

ఒకరోజు అతను చాకలి మూటలు లెక్క చూసుకోవడానికి పోయాడు. అంతలో ఒక రోగి పాను అడిగాడు. నేను పాను కోసం కాకుండా నా జతగాడి కోసం పరుగెత్తాను. మేం వచ్చేసరికి ఆ మనిషి పరుపు పాడు చేసుకుని, సిగ్గుతో మొహం గోడకు తిప్పుకుని ఉన్నాడు. మా శిక్షణ చూసే మిస్సమ్మ అప్పుడే లోపలికి వచ్చింది. ఆ తెల్లామె ఎవరో పంతులు దగ్గర పుస్తకం తెలుగు నేర్చుకుంది. కోపంలో కూడా గ్రంథం చదివినట్టే ఉండేది.

"ఈ రోగి ఇట్టి స్థితిలో ఏల పరుండెను?" అంది. సంగతి తెలుసుకుని నావైపు తిరిగింది. "నీ జతగాడు లేనిచో నీవు నర్సువు కావా?"

ఆ రోజే ఆమె ఒక ఏర్పాటు చేసింది. పరీక్షలోపు ఇద్దరం అన్ని పనులూ పూర్తిగా నేర్చుకోవాలి. నా జతగాడు బిందె నుంచి తానే నీళ్లు ముంచి రోగికి తాగించడం అలవాటు చేసుకోవాలి. అందుకు తొడ ఎముక విరిగి చాలాకాలంగా పడుకుని ఉన్న ఒక ముసలాయనను చూపించి నాతో అంది.

"ముందుగా నీవు ఆయనను అడుగుము. నీ మాట వినును. వినని యెడల వచ్చి నాతో చెప్పుము. ఆ మంచమును పరీక్షకు ఉంచను. వేరొక రోగిని చూచెదను."

ఇంతే నేను చేయాల్సింది. అడగడం. కాదంటే వచ్చి చెప్పడం. అప్పటికే వేరే జతలో ఒక పిల్లవాడు తన రోగిని ఒప్పించాడు కూడా. ఆ రోగి, "దాహమైతే గీ లొల్లి ఎవడు చూస్తడు, నీళ్లు పొయ్యిరా," అన్నాడట.

మా ముసలాయన నక్రేకల్ దగ్గరి రైతు. బండి మీది నుంచి పడ్డాడు. కాలు సాగదీసి తాడు కట్టి, మంచం చివర ఇటుకలు బరువుగా వేలాడదీశారు. కదలకూడదు. నన్ను చూడగానే మా ఊరు, ఇంటిపేరు అడిగి, మా అమ్మ పుట్టింటివాళ్లు ఎరికేనని తేల్చాడు. "మనోడే," అని పక్క మంచాలకు చాటాడు. ఒక మధ్యాహ్నం అడుగుదామనే ఆయన దగ్గర నిలబడ్డాను. గొంతు సవరించుకున్నాను.

"ఏం బిడ్డా, ఏమో చెప్పబోతున్నవ్?"

"ఏం లేదు పెదనాయినా. నొప్పెట్లుంది?"

"జర నయం. ఆ, మీ మేనమామ వస్తడట ఎల్లుండి, నన్ను చూడనీకి. నువ్వు గిట్ల మంచిగ చూసుకుంటున్నవని చెప్త."

ఆ మేనమామ నోటికి గేటు లేదు. మీ పిల్లగాడు బిందె వాళ్ల చేతికిచ్చి మనకు నీళ్లు పోయిస్తున్నాడట అన్న కబురు రెండు రోజుల్లో మా ఊరు చేరేది. అది చేరితే పాను సంగతి కూడా చేరేది. బాపు బండి కట్టుకుని వచ్చి నన్ను లాక్కుపోయేవాడు. నేను అడగకపోవడానికి కారణం ఇదే. పెద్ద కారణమేమీ కాదు.

ఈలోగా నా సగం నేను నేర్చుకోవాలి. మధ్యాహ్నం రోగులు కునుకు తీసే వేళ దుప్పట్ల గదిలో నా జతగాడు బల్ల మీద వెల్లకిలా పడుకుని రోగి అయ్యేవాడు. మూలిగేవాడు, దగ్గేవాడు, తిట్టేవాడు.

"ఓ పటేలా, నడుం కింద చెయ్యి పెట్టి లేపాలె. జొన్నల బస్తా దొర్లించినట్టు దొర్లిస్తవేంది?"

"బరువున్నవ్ రా."

"మీ ఇంటి అన్నమా ఇది, మిషన్ అన్నం. బరువెక్కడిది? మోకాళ్లు మడిపియ్. ఆ. ఇప్పుడు పాను. ఆగాగు, వేడి నీళ్లతోని కడిగినవా?"

"కడగాల్నా?"

"సల్లటి పాను పెడితే బయటికొచ్చేది గూడ లోపలికే పోతది. నీకు పెట్టి చూపియ్యాల్నా?"

ఇద్దరం నవ్వి నవ్వి గది తలుపు మూసుకోవాల్సి వచ్చేది. నిజం పానులు కడగడం మొదలుపెట్టినప్పుడు నాకు వాంతి వచ్చింది. అతను నవ్వలేదు. నోటితో గాలి పీల్చుకోమన్నాడు. మొహం మాత్రం చిట్లించొద్దన్నాడు. "పడుకున్నోడు నీ మొఖమే చూస్తడు. నువ్వు అసహ్యపడ్డట్టు కనబడ్డవనుకో, రేపటి నుంచి అన్నం తినుడు బంద్ చేస్తడు, మళ్లీ అడగాల్సి వస్తదని." ఎనిమా గొట్టంలో గాలి తీయడం, వీపుకు పుండ్లు పడకుండా సారా రుద్ది పొడి చల్లడం, అన్నీ అతని ఒంటి మీదే నేర్చుకున్నాను.

ప్రతిరోజూ చివరికి ఒకటే అడిగేవాడు. "ముసలాయనను అడిగినవా?"

"రేపు అడుగుత."

"రేపు రేపు అనుకుంట పరీక్ష నెత్తిమీదికొచ్చె."

ఒకరోజు దుప్పట్ల గదికి రాలేదు. పోయి చూస్తే మెట్ల మీద కూర్చుని బక్కెట్లోంచి ముంతతో ముంచి, గ్లాసులో చుక్క కింద పడకుండా పోస్తున్నాడు. మళ్లీ బక్కెట్లో ఒంపి మళ్లీ పోస్తున్నాడు.

"రావా?" అన్నాను.

"నువ్వు అడిగినంక వస్త."

ఆ రోజు నాకు ఎనిమా సరిగా రాలేదు. అతను లేకపోతే నేను ఫేలవుతానని తెలిసిపోయింది. అక్కడికక్కడే అన్నాను, "అడిగిన. సరేనన్నడు."

అతని చేతిలో ముంత ఆగిపోయింది. "నిజంగ?"

"కానీ ఇప్పుడే వద్దంటున్నడు. నలుగురు వచ్చి పోతుంటరు గదా. పరీక్షనాడే పొయ్యమన్నడు."

ఈ చివరి మాట చాలా తెలివిగా అల్లాను. ముందుగా పరీక్షించి చూసుకునే వీలు కూడా దాంతో పోయింది. అతనికి అనుమానం రాలేదు. ఎందుకు వస్తుంది? ముసలాయనకు అతనంటే ఇష్టమే. ఒళ్లు తుడిచేది, పాను పెట్టేది, వీపు రుద్దేది అతనే. "నీ చెయ్యి మెత్తగున్నది పిలగా," అనేవాడు. ఆ చెయ్యి తన ఒంట్లో ఎక్కడైనా తగలవచ్చు. బిందెకు మాత్రం తగలరాదు.

అభ్యాసం అవుతోందా అని మిస్సమ్మ అడిగినప్పుడు కూడా, "అవుతాంది అమ్మా," అని తలూపాను. పరీక్షాధికారి ముసలాయన మంచం దగ్గర ఆగకపోవచ్చు, ఆగినా నీళ్లే తాగించమనకపోవచ్చు అని నాకు నేను చెప్పుకున్నాను.

ఆ ఆదివారం నా జతగాడి నాయిన ప్రార్థనకు మిషన్ గుడికొచ్చి, కొడుకును చూడటానికి వార్డు వెనక్కి వచ్చాడు. నేను పక్కనే బట్టలు ఆరేస్తున్నాను. కొడుకు ఆయన చెవిలో అన్నట్టుగానే అన్నాడు గానీ ఆగలేక గొంతు లేచింది.

"నాయినా, నక్రేకల్ పటేలు నా చేతి నీళ్లు తాగుతనన్నడు."

ఆయన నమ్మనట్టు చూశాడు. తర్వాత చుట్టూ చూసి, "మెల్లగ మాట్లాడురా," అన్నాడు. కానీ పోయేటప్పుడు నాకు దండం పెట్టి పోయాడు.

పరీక్ష నాడు పట్నం నుంచి పరీక్షాధికారిగా వచ్చిన డాక్టరు షేర్వానీ వేసుకున్న పెద్దమనిషి. మాట తక్కువ, అదీ ఉర్దూలో. మా వార్డులోకి రాగానే మొదట నన్ను పిలిచాడు. పక్షవాతం వచ్చిన ఒక మనిషికి పాను పెట్టి, శుభ్రం చేసి, వీపు చూడమన్నాడు. వేడినీళ్లు, మోకాళ్లు మడవడం, నడుం కింద చెయ్యి, నోటితో గాలి. ఒక్కటి తప్పలేదు. డాక్టరు తల ఆడించాడు. గోడ పక్కన నిలబడ్డ నా జతగాడు నాకంటే ఎక్కువ సంతోషపడ్డాడు. మిస్సమ్మ చూడకుండా నాకు కన్ను కొట్టాడు.

తర్వాత డాక్టరు ముసలాయన మంచం దగ్గర ఆగాడు. కాలును, తాడును, ఇటుకలను చూశాడు. నా జతగాడిని వేలితో పిలిచి, "ఇన్‌కో పానీ పిలావ్," అన్నాడు. ఈయనకు నీళ్లు తాగించు.

అతను చేతులు కడుక్కున్నాడు. పళ్లెంలో కొమ్ము గ్లాసు, తువ్వాలు సర్దుకున్నాడు. ముసలాయన గడ్డం కింద తువ్వాలు పరిచి, "నీళ్లు తాగుదురు పటేలా," అన్నాడు. ముసలాయన సరే అన్నట్టు కళ్లు మూశాడు. నీళ్లు నేనే ముంచుతాననుకున్నాడు, రోజూ లాగే. నా జతగాడు బిందె దగ్గరికి నడిచాడు. నేను నాలుగడుగుల దూరంలోనే ఉన్నాను. ఏదో ఒకటి అడ్డం చెప్పి ఆపవచ్చు. మూత తీసిన చప్పుడు వినిపించింది.

ముసలాయన కళ్లు తెరిచాడు.

"అరే! అరే! ఎవడ్రా వాడు బిందె ముట్టింది? ఏయ్, ఇడువురా! ఇడువు!"

"మీరే అన్నరంట గదా పటేలా..."

"నేనన్ననా? ఎవనితోని అన్న? నన్నెవడడిగిండు? అయ్యో, బిందె మొత్తం ఆగమాయె!"

ఆయన మోచేతుల మీద లేవబోయాడు. ఇటుకలు గుంజుకుని ఊగాయి. విరిగిన తొడ కదిలి ఆయన పెట్టిన కేక నాకిప్పటికీ వినిపిస్తుంది. పక్క మంచాల వాళ్లు కూడా లేచి అరవడం మొదలుపెట్టారు. నా జతగాడు ముంత పట్టుకునే నిలబడిపోయాడు.

మిస్సమ్మ మొహం ఎర్రబడింది. "అనుమతి లేక ముట్టితివా?"

అతను నావైపు చూశాడు. అందులో కోపం లేదు. చెప్పు అన్నట్టు చూశాడు, అంతే. నేను చెప్పకపోయేసరికి తానే అన్నాడు, "ఈయన అడిగిండమ్మా. సరేనన్నడని చెప్పిండు."

అందరూ నావైపు తిరిగారు. అప్పుడు నేను చేసింది ఇది. ముసలాయన మంచం చివరికి పోయి, ఊగుతున్న ఇటుకలను పట్టుకుని ఆపాను. తాడు సరిచేశాను. ఆయన భుజం మీద చెయ్యి వేసి, "పడుకో పెదనాయినా, కదలకు, ఏం కాదు," అన్నాను. మాట వినిపించనంత పనిలో మునిగిపోయినట్టు వంగే ఉన్నాను.

డాక్టరు దాన్ని చూసి మెచ్చుకున్నాడు. "యే లడ్కా అచ్ఛా హై," అని నన్ను చూపించి, నా జతగాడితో అన్నాడు, "విరిగిన కాలు కదిలిచ్చినవ్. పైగ తప్పు పక్కోని మీద పెడుతున్నవ్. సిగ్గు, శరం లేదా?"

ఇది మాత్రం తెలుగులోనే అన్నాడు, వార్డంతా వినేటట్టు.

ముసలాయనను అడిగే పని నాకే ఇచ్చినా, పరీక్షాధికారి అట్లా తేల్చేశాక మిస్సమ్మ నన్ను విడిగా పిలిచి అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్నని చాలాకాలం అనుకున్నాను. అది కూడా అబద్ధమే.

ఫలితం తెలిసిన రోజు వాళ్ల నాయిన, అమ్మ ఇద్దరూ వచ్చారు. మిస్సమ్మ వరండాలో నిలబడి వాళ్లతో చెప్పింది, "మీ కుమారుడు అభ్యాసము చేయలేదు. చేయవలసినది చేయక, దోషమును తోటివానిపై మోపెను." వాళ్లకు ఆ తెలుగు అర్థం కాలేదు. అక్కడ నేనున్నాను. పెద్దాయన నావైపు తిరిగాడు.

"ఏమంటున్నది పటేలా మిస్సమ్మ?"

నేనే చెప్పాను. నా నోటితో, వాళ్లకు తెలిసే మాటల్లో. "మంచిగ నేర్చుకోలేదంటున్నది."

"గట్లనా?" అన్నాడాయన. మళ్లీ నావైపే చూసి, "నువ్వు మంచోనివి గద పటేలా, నువ్వన్న జర నేర్పకపోతివా వీనికి?" అన్నాడు.

వాళ్లమ్మ కొడుకు రెక్క పట్టుకుని ఊపింది. "ఏం రోగమొచ్చెరా నీకు? తిండి పెట్టి చదువు చెప్తే నేర్చుకోనీకి ఏం రోగం? మళ్లీ ఆ పేడలకే పోతవా?"

నా జతగాడు అప్పుడు నాతో అన్నది ఒకే ఒక మాట. "బిందె సంగతి గూడ చెప్పు పటేలా." నేను దుప్పట్లు లెక్క చూడాలని లోపలికి పోయాను. వాళ్లు గేటు దాటాక ఎటు పోయారో చూడలేదు. ఎటు పోతారో తెలుసు.

నేను చదువు ముగించి సర్కారు నౌకరీలో చేరాను. పాలమూరు జిల్లాలో అటూ ఇటూ తిరిగి చాలాకాలం కోస్గిలో చేశాను. సంత రోజున పని ఎక్కువ, మిగతా రోజుల్లో కబుర్లు ఎక్కువ. ఆ కబుర్లలో ఈ కథ చెప్పడం మొదలుపెట్టాను. ముసలాయన విరిగిన కాలుతో లేవడం, బిందె కోసం ఏడవడం, ముంత పట్టుకుని కొయ్యబొమ్మలా నిలబడ్డ వాడు. ముసలాయన గొంతు బాగా అనుకరించేవాణ్ని. విన్నవాళ్లు దొర్లి నవ్వేవారు. ఎవరైనా, "పాపం, వాడెందుకట్ల చేసిండు?" అని అడిగితే, "చదువు మీద మనసు లేదు," అనేవాణ్ని. నేనిచ్చిన మాట, నేను చెప్పిన అబద్ధం ఆ కథలో ఎక్కడా ఉండేవి కావు.

నిజాం రాజ్యం పోయింది. నా జతగాడి ఊరి దొర కోటలాంటి గడి విడిచి పట్నం చేరాడని ఎవరో అంటే విన్నాను. అప్పుడు కూడా కదలలేదు. నన్ను కదిలించింది కట్లు కట్టే పనికి కొత్తగా చేరిన ఒక డ్రెస్సరు. ఒక సాయంత్రం ఇద్దరం దూది చుడుతుంటే నాకే ఈ కథ చెప్పాడు. అది నా కథేనని వాడికి తెలియదు.

"వెనుకట మిషన్ దవాఖానల ఒకడుండెనట సార్. పొద్దుగాలనే కల్లు తాగి పరీక్షకు వచ్చిండట. తాగిన మైకంల బిందెల చెయ్యి పెట్టిండట. ముసలాయన కాలు మళ్లీ ఇరిగిందట..."

"తాగిండా?" అన్నాను.

"తాగకుంటే ఎవడన్న గట్ల చేస్తడా సార్?"

నా జతగాడు జీవితంలో కల్లు ముట్టలేదు. పాస్టరు వద్దన్నందుకు కాదు, అతనికి ఆ వాసనే పడదు. దూది చుట్టడం ఆపి వాడి మొహం చూశాను. వాడు నేను నవ్వుతానని ఎదురుచూస్తున్నాడు. నేను నవ్వితే ఈ కథ వాడి దగ్గరి నుంచి ఇంకొకడికి పోతుంది. నవ్వలేదు. మరుసటి వారం సెలవు పెట్టి వాళ్ల ఊరు పోయాను.

అతను ఇంటి ముందు కూర్చుని కాడికి కట్టే తోలు పగ్గం మెత్తబరుస్తున్నాడు. జుట్టు నెరిసింది. నన్ను చూసి వెంటనే గుర్తుపట్టాడు గానీ లేవలేదు.

"తొవ్వ తప్పి వచ్చినవా పటేలా?"

"నీ కోసమే వచ్చిన."

"నాకేం రోగం లేదే."

నేను అతని ఎదురుగా కింద కూర్చున్నాను. దారంతా తయారు చేసుకున్న మాటలు చెప్పాను. అడగలేదని, అడిగానని చెప్పానని, తర్వాత ఈ కథ ఊరూరా ఎట్లా చెప్పుకున్నానో కూడా. అతను పగ్గం రుద్దుతూనే విన్నాడు.

"ఇదంత నాకెందుకు చెప్తున్నవ్?" అన్నాడు చివరికి. "నాకు తెల్వదా? ముసలాయన అరిచిననాడే తెలిసిపాయె, నువ్వు అడగలేదని."

"మరి ఆ రోజు గట్టిగ ఎందుకు చెప్పలే?"

"చెప్పిన గదా. శరం లేదా అన్నరు. ఇంకెంత గట్టిగ చెప్పాలె?" తోలు కింద పెట్టాడు. "కొట్టంల మళ్లీ పడ్డప్పుడు నాకు పేడ బరువనిపియ్యలే. రోజూ రాత్రి ఇంటికొస్తే మా నాయిన ఒకటే మాట. సదువుకోమంటే సదువుకోకపోతివి. సచ్చేదాక గదే మాట. నేను ఎన్ని తీర్ల చెప్పినా, పటేలే చెప్పిండు గదరా, ఆయన అబద్ధమెందుకాడుతడు అనేటోడు. నాకు మాఫీ చెప్పి ఏం చేస్తవ్? మా నాయినకు చెప్పాలె. ఆయన లేడు."

అతను ఇంటి పక్కకు చేత్తో చూపించాడు.

"అమ్మ ఉన్నది," అన్నాడు. "గా నీడకు కూసున్నది. ఆమె గూడ గదే నమ్మింది. పోయి చెప్పు. చెవులు వినరావు, అరవాలె. అరిస్తే వాడ మొత్తం వింటది. సై అంటే చెప్పు. లేకుంటే లే, మోటరు బస్సు టైమైతాంది."

ఆమె ఇంటి పక్క పందిరి కింద చింతపండు గింజ తీస్తోంది. నన్ను చూసి కొంగు నెత్తిమీదికి లాక్కుని లేవబోయింది. కూర్చోమని చేత్తో సైగ చేశాను. దగ్గరగా వంగి చెప్పాను.

"ఆఁ? ఏమంటున్నడురా?" అని కొడుకును అడిగింది.

"గట్టిగ," అన్నాడతను నాతో. తానేమీ అందించలేదు.

రెండోసారి చెప్పాను. ఆమెకు మళ్లీ వినపడలేదు. అప్పటికే ఎదురింటి ఆడవాళ్లు గడపల్లోకి వచ్చారు. రచ్చ దగ్గర కూర్చున్న మగవాళ్లు ఇటు తిరిగారు. నేను ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఊపిరి పీల్చుకుని, నాకు చేతనైనంత గట్టిగా అరిచాను.

"అవ్వా, నీ కొడుకు మంచిగనే నేర్చుకున్నడు. నాకు గూడ ఆయననే నేర్పిండు. ముసలాయనను అడుగుతనని మాటిచ్చి నేను అడగలే. అడిగిన అని అబద్ధమాడిన. నలుగురి ముందట నిజం చెప్పాల్సినప్పుడు నోరు మూసుకున్న. ఆనాడు వరండల నీకు, పెద్దాయనకు చెప్పింది గూడ అబద్ధమే. నీ కొడుకు దొర కొట్టంల పడ్డది నావల్లనే. తప్పు నాది అవ్వా. నన్ను మాఫ్ చెయ్యి."